పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు: దారిలో గట్టెక్కించే మరమ్మతులు, ఇంట్లో చేసుకునే భాగాలు

ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, టీఆర్6, ఆస్టిన్ హీలీ. ఇలాంటి బండ్లు దారిలో ఆగడం మామూలే. డిక్కీలో ఉన్న సామానుతోనే మళ్లీ కదలడమూ అంతే మామూలు. వీటిలో కంప్యూటర్ లేదు, సెన్సార్లు లేవు. పెట్రోలు వస్తోందా, నిప్పు (స్పార్క్) పడుతోందా అని చూడటం వస్తే సగం మెకానిక్ అయిపోయినట్టే.

విడిభాగాలు దొరకవా అంటే, బాగానే దొరుకుతాయి. 1962 నుంచి 1980 వరకు అబింగ్డన్‌లో తయారైన ఎంజీబీకి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుంచి కొత్త బాడీ షెల్లే చేసి అమ్ముతోంది. అయినా సొంత చేతివాటం ఎందుకంటే, ఆదివారం సాయంత్రం పల్లెటూరి రోడ్డు మీద కొరియర్ రాదు. పైగా ఇప్పుడు దొరికే కొత్త భాగాల్లో కొన్ని పాతవాటి కాలి గోటికి సరిపోవు, ముఖ్యంగా నిప్పు పుట్టించే ఏర్పాటులోని చిన్న భాగాలైన కండెన్సర్లు, రోటర్ ఆర్ములు.

ముందు ఒక్క ప్రశ్న

ఏ భాగానికి అతుకు వేయాలన్నా, ఇంట్లో చేసుకోవాలన్నా ముందు ఇది అడగండి: ఇది పోతే బండి ఆగిపోతుందా, ఆగకుండా పోతుందా? ఆగిపోయేదైతే ధైర్యంగా ప్రయోగం చేయండి. మహా అయితే రోడ్డు పక్కన కూర్చుని టోయింగ్ వ్యాను కోసం చూస్తారు. బ్రేకులు, స్టీరింగ్, ముందు సస్పెన్షన్, చక్రాల హబ్బులు ఆగకుండా పోయే రకం. వాటికి కొత్త భాగం కొనండి, లేదా బండిని లారీ ఎక్కించండి. పెట్రోలు పైపులనూ ఈ రెండో జాబితాలోనే వేసుకోండి. అవి పోతే బండి ఆగుతుంది కానీ, తగలబడుతూ ఆగుతుంది.

కింద చెప్పేదంతా ఈ ప్రశ్న మీదే నడుస్తుంది.

పానాలు, థ్రెడ్లు

మెట్రిక్ పానాల పెట్టె పక్కన పెట్టేయండి. ఎంజీబీ, స్పిట్‌ఫైర్ బోల్టుల్లో ఎక్కువ భాగం యూఎన్‌ఎఫ్ (అంగుళాల కొలతలో సన్న థ్రెడ్), కొన్ని యూఎన్‌సీ (ముతక థ్రెడ్). 7/16, 1/2, 9/16 అంగుళాల పానాలు మూడు ఉంటే దారిలో చాలా పని గడిచిపోతుంది. కార్బొరేటర్లలో, మీటర్లలో చిన్న స్క్రూలకు బీఏ అనే పాత బ్రిటిష్ థ్రెడ్ ఉంటుంది. ఇంకా పాత బండ్లలో విట్‌వర్త్, బీఎస్‌ఎఫ్ అనే బ్రిటిష్ థ్రెడ్లు తగులుతాయి. ఎంజీ టీసీ, టీడీల్లోని ఎక్స్‌పీఏజీ ఇంజన్ వీటన్నిటినీ తలదన్నేది: బోల్టు థ్రెడ్ మెట్రిక్, తల మాత్రం విట్‌వర్త్.

8 మి.మీ. మెట్రిక్ బోల్టు, 5/16 యూఎన్‌ఎఫ్ బోల్టు పక్కపక్కన పెడితే కంటికి ఒకేలా ఉంటాయి. ఒకదాని నట్టులో రెండోది ఒకటి రెండు చుట్లు దిగి బిగుసుకుంటుంది. అక్కడ పానా వేసి బలవంతం చేస్తే థ్రెడ్ పోయినట్టే. చేత్తో మూడు నాలుగు చుట్లు సాఫీగా తిరగని బోల్టుకు పానా పెట్టకండి.

కరెంటు

ఈ బండ్ల కరెంటు సామాను చేసిన లూకాస్ కంపెనీ వైరింగ్ మీద ఉన్నన్ని జోకులు మరి దేని మీదా లేవు. ఇన్నేళ్ల తర్వాత తప్పు ఎక్కువగా అతుకుల్లో, ఎర్త్‌ల్లో ఉంటుంది. వైర్ల రంగులు గుర్తుంటే సగం పని తేలిక. గోధుమ రంగు వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, అది నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. తెలుపు తాళం తిప్పితే వచ్చేది. ఆకుపచ్చ తాళం తిప్పాక ఫ్యూజు దాటి వచ్చేది. ఊదా రంగు తాళంతో పని లేకుండా ఫ్యూజు నుంచి వచ్చేది. నలుపు ఎర్త్. నీలం హెడ్‌లైట్లది, ఎరుపు పార్కింగ్, టెయిల్ లైట్లది.

ఒక లైటు మసకగా వెలిగితే బల్బు మార్చే ముందు దాని నల్ల వైరు బాడీకి తగిలే చోట చూడండి. స్క్రూ విప్పి, గరుకు కాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, కొంచెం వాజలీన్ రాసి బిగించండి. వైర్లను కలిపే గుండ్రటి బుల్లెట్ కనెక్టర్లు లోపల ఆకుపచ్చగా చిలుము పడతాయి. లాగి, రుద్ది, మళ్లీ తోయాలి. ఒక లైటు వేస్తే ఇంకో లైటు వెలిగే వింత జబ్బులన్నీ ఈ రెంటిలోనే తేలతాయి.

తాళం స్విచ్ పాడై ఇంజన్‌కు కరెంటు అందకపోతే, క్రోమ్ బంపర్ ఎంజీబీల్లో ఒక సులువు ఉంది. ఫ్యూజు పెట్టె దగ్గర గోధుమ వైరు వచ్చే చోటుకూ తెల్ల వైరు వచ్చే చోటుకూ మధ్య చిన్న వైరు ముక్క వేస్తే ఇగ్నిషన్ ఆన్ అయిపోతుంది. ఇంజన్ ఆపాలంటే ఆ ముక్క తీసేయాలి. స్టీరింగ్ లాక్ ఉన్న బండిలో తాళం చెవి లోపలే ఉంచి, లాక్ విడిపించాకే కదలండి. కొందరు బ్యాటరీ నుంచి నేరుగా కాయిల్‌కే (నిప్పుకు కావాల్సిన పెద్ద వోల్టేజీ పుట్టించే భాగం) వైరు లాగుతారు. రబ్బరు బంపర్ ఎంజీబీల్లో అది వద్దు. వాటి కాయిల్ బ్యాలస్ట్ వైరు ద్వారా తక్కువ వోల్టేజీ తీసుకునే రకం, 12 వోల్టులు నేరుగా ఇస్తే వేడెక్కి పాడవుతుంది.

ఇంకో జాగ్రత్త. 1967 వరకు వచ్చిన ఎంజీబీల్లో బ్యాటరీ పాజిటివ్ బాడీకి ఎర్త్ అయి ఉంటుంది. మధ్యలో ఎవరైనా మార్చారేమో కూడా తెలియదు. జంప్ స్టార్ట్ ఇచ్చే ముందు బ్యాటరీ దగ్గర కళ్లతో చూసి తేల్చుకోండి.

ఇంట్లో చేసుకోదగ్గ పనుల్లో అన్నిటికన్నా లాభసాటిది హెడ్‌లైట్ రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్. ఈ బండ్లలో రెండు లైట్ల కరెంటు, అంటే దాదాపు 10 ఆంపియర్లు, డాష్‌బోర్డు స్విచ్ గుండా వెళ్లి వస్తుంది. స్విచ్ కాలుతుంది, లైటు పచ్చబడుతుంది.

1. మామూలు 12 వోల్టుల రిలేలు రెండు కొనండి, ఒకటి డిమ్‌కు, ఒకటి బ్రైట్‌కు.
2. బ్యాటరీ వైపు గోధుమ వైరు నుంచి 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి రిలే 30వ పిన్నుకు ఇవ్వండి. వైరు 2 చదరపు మి.మీ.కు తగ్గకూడదు.
3. 87వ పిన్ను నుంచి లైట్లకు కొత్త వైరు లాగండి.
4. ఇంతకుముందు లైటుకు వెళ్తున్న పాత వైరును 86కు తగిలించండి. నీలం మీద ఎర్ర గీత ఉన్నది డిమ్, తెల్ల గీత ఉన్నది బ్రైట్.
5. 85ను శుభ్రంగా రుద్దిన ఎర్త్‌కు బిగించండి.

పాత వైర్లు కోయకండి. కనెక్టర్లతో కలిపితే రేపు రిలే పోయినా రెండు నిమిషాల్లో పాత దారికి తిప్పుకోవచ్చు. రాత్రిపూట లైట్లు పోవడం అంటే బండి ఆగకుండా పోయే రకంలోకి వస్తుందని మరిచిపోవద్దు.

నిప్పు

వేడెక్కాక తుంపులు తుంపులుగా కొట్టుకుని ఆగి, చల్లారాక మళ్లీ బతికితే ముందు అనుమానం కండెన్సర్ మీదే. డిస్ట్రిబ్యూటర్ (నిప్పును సిలిండర్లకు పంచే డబ్బా) మూత తీసి, ఎవరినైనా స్టార్టర్ తిప్పమని, లోపల తెరుచుకుని మూసుకునే పాయింట్ల మధ్య చూడండి. పెద్ద నీలం మెరుపులు వస్తుంటే కండెన్సర్ పోయినట్టే. దాని పని 0.2 మైక్రోఫారాడ్ అటూ ఇటూ ఉండే కెపాసిటర్ పని మాత్రమే. పాయింట్లతో నడిచే వేరే పెట్రోలు బండి కండెన్సర్‌ను డిస్ట్రిబ్యూటర్ బయట ఎర్త్‌కు బిగించి, దాని వైరును కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే సన్న వైరు మొదట్లో కలిపితే ఇల్లు చేరతారు. శాశ్వతంగా కావాలంటే ఎలక్ట్రానిక్స్ కొట్లో దొరికే 0.22 మైక్రోఫారాడ్, 630 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్‌ను అలాగే బయట, ఇంజన్ వేడికి దూరంగా బిగించుకోవచ్చు. ఇప్పటి నాసిరకం కండెన్సర్ల కన్నా నాకు దాని మీదే నమ్మకం.

పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకు) లేకపోతే కాస్త మందమైన విజిటింగ్ కార్డు పనికొస్తుంది. అయితే ఇంట్లో ఉండగానే ఏ కార్డు మందం సరిపోతుందో కొలిచి, దాన్ని టూల్ సంచిలో వేసుకోండి. అన్ని కార్డులూ ఒక్క మందం కాదు.

పెట్రోలు

ఎంజీబీలో తాళం తిప్పగానే వెనక నుంచి టకటకమని చప్పుడు వచ్చి కాసేపటికి ఆగాలి. అది ఎస్‌యూ కంపెనీ ఎలక్ట్రిక్ పంపు. చాలా ఎంజీబీల్లో కుడి వెనక చక్రం దగ్గర ఉంటుంది. చప్పుడే లేకపోతే లోపలి పాయింట్లు అంటుకుపోయి ఉంటాయి. స్క్రూడ్రైవర్ పిడితో పంపు బాడీ మీద రెండు చిన్న దెబ్బలు వేయండి. ఎక్కువసార్లు బతుకుతుంది. ఇంటికొచ్చాక నల్ల మూత తీసి, పాయింట్ల మధ్య గట్టి కాగితం ముక్క లాగి శుభ్రం చేయాలి, లేకపోతే రేపు మళ్లీ దెబ్బలే. చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంటే ట్యాంకు ఖాళీ, లేదా పంపుకు వచ్చే పైపు గాలి పీలుస్తోంది, లేదా కార్బొరేటర్ ఫ్లోట్ వాల్వు మూసుకోక పెట్రోలు పొంగిపోతోంది. మూడోదైతే ఘాటైన వాసనే చెప్పేస్తుంది.

ఎస్‌యూ కార్బొరేటర్ పరికరాలు లేకుండా సరిచేసుకోగల యంత్రం. ముందు పైన ఉన్న నల్ల లేదా ఇత్తడి మూత విప్పి, డ్యాష్‌పాట్‌లో (పైన ఉండే నూనె గూడు) నూనె ఉందో లేదో చూడండి. 20 గ్రేడు నూనె ఉండాలి. అది ఎండిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే బండి గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు దగ్గుతుంది. తర్వాత మిక్స్చర్, అంటే పెట్రోలు, గాలి పాళ్లు. జెట్‌ను (పెట్రోలు వచ్చే సన్న గొట్టం) పైకి బ్రిడ్జితో (గాలి దారి అడుగుతో) సమానంగా తెచ్చి, కింద ఉన్న ఆరు పలకల నట్టును రెండు పూర్తి చుట్లు, అంటే 12 పలకలు, కిందికి దించండి. ఇంజన్ వేడెక్కాక, కార్బొరేటర్ పక్కన ఉండే చిన్న పిన్నును పైకి నొక్కి పిస్టన్‌ను మిల్లీమీటరు కన్నా తక్కువ, 0.8 దాకా లేపండి. వేగం క్షణం పెరిగి మామూలుకు వస్తే సరిగ్గా ఉంది. పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, నట్టు ఒక పలక పైకి తిప్పండి. పడిపోయి ఆగబోతే తక్కువ, ఒక పలక కిందికి.

రెండు కార్బొరేటర్లు ఉంటే రెండూ ఒకే మోతాదులో గాలి పీల్చాలి. గేజ్ అక్కర్లేదు. అర మీటరు రబ్బరు పైపు ఒక చివర చెవి దగ్గర, రెండో చివర కార్బొరేటర్ నోటి దగ్గర ఒకే స్థానంలో పెట్టి వినండి. రెండు చోట్లా ఒకే బుసబుస వినిపించేదాకా థ్రాటిల్ (గాలి దారి తెరిచి మూసే రెక్క) స్క్రూలు సర్దండి. నాకు తెలిసిన పాతకాలం మెకానిక్కులకు ఇంతకు మించి పరికరం లేదు.

యాక్సిలరేటర్ కేబుల్ తెగితే

సైకిల్ బ్రేకు లోపలి తీగ ఒకటి ఎప్పుడూ డిక్కీలో ఉంచండి. తెగిన తీగను కవరులోంచి లాగేసి, కొత్త తీగను పెడల్ వైపు నుంచి దూర్చండి. పెడల్ గూట్లో తీగ తల కూర్చోకపోతే, ఇళ్ల కరెంటు పనిలో వాడే స్క్రూ కనెక్టర్‌లోంచి ఇత్తడి ముక్క బయటికి తీసి తీగకు బిగిస్తే అదే తల అవుతుంది. కార్బొరేటర్ చివరా అలాంటిదే ఇంకొకటి.

ఇప్పుడు ఆ ప్రశ్న మళ్లీ. థ్రాటిల్ తెరుచుకోకపోతే బండి ఆగుతుంది. తెరుచుకుని మూసుకోకపోతే ఆగకుండా పోతుంది. అందుకని ఇంజన్ ఆపి ఉండగా పెడల్ పూర్తిగా తొక్కి వదిలి, కార్బొరేటర్ దగ్గర థ్రాటిల్ ఠక్కున మూసుకుంటోందా అని పదిసార్లు చూడండి. మిగిలిన తీగ చివర చుట్టి కట్టేయండి, ఎక్కడా చిక్కుకోకూడదు. తీగ లేకపోతే ఐడిల్ స్క్రూ పెంచి, ఇంజన్‌ను నిమిషానికి 1,500 చుట్ల దగ్గర ఉంచి, క్లచ్‌తో సర్దుకుంటూ మెల్లగా దగ్గరి ఊరు చేరవచ్చు.

ప్యాకింగ్ (గాస్కెట్) కోయడం

ఈ విద్య మన మెకానిక్ షెడ్లలో చూసినవాళ్లకు కొత్త కాదు. అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజన్ బీఎంసీ బీ-సిరీస్ 1,489 సీసీ. 1955లో వచ్చిన ఎంజీఏలో ఉన్నదీ అదే కుటుంబం, ఎంజీబీలోని 1,798 సీసీ ఇంజన్ దాని పెద్దన్న. అంబాసిడర్ మీద చెయ్యి తిరిగిన మేస్త్రీకి ఎంజీఏ బానెట్ ఎత్తితే అంతా చుట్టాలే కనిపిస్తారు.

థర్మోస్టాట్ గూడు ప్యాకింగ్ ఉదాహరణగా తీసుకుందాం. పాత ప్యాకింగ్‌ను బ్లేడుతో గీకి, రెండు ముఖాలూ గోరుకు ఏమీ తగలనంత శుభ్రం చేయండి. అర మిల్లీమీటరు ప్యాకింగ్ షీటు మేలు. గతిలేనప్పుడు కార్న్‌ఫ్లేక్స్ డబ్బా అట్ట కూడా నీళ్లకు, నూనెకు కొన్నాళ్లు ఆగుతుంది. షీటును గూడు మీద పరిచి, బాల్‌పీన్ సుత్తి గుండ్రటి వైపుతో ముందుగా ఒక బోల్టు రంధ్రం అంచు మీద మెల్లగా తట్టండి. దెబ్బలు కొట్టకూడదు, తట్టాలి. అంచు కాగితాన్ని లోపలి నుంచి కోస్తుంది. చిన్న గుండ్రటి బిళ్ల ఊడి రంధ్రంలో పడగానే తీసేయండి, మరిచిపోతే అది నీళ్ల దారిలో తిరుగుతుంది. ఆ రంధ్రంలో బోల్టు నిలబెట్టండి, షీటు ఇక జరగదు. తర్వాత రెండో రంధ్రం, అక్కడా బోల్టు. ఆ తర్వాత మధ్యలో పెద్ద రంధ్రం. బయటి అంచు అన్నిటికన్నా చివర. అల్యూమినియం మీద సుత్తితో తట్టితే అంచు చెడుతుంది. అక్కడ ముఖానికి గ్రీజు రాసి అట్ట మీద అచ్చు తీసి, కత్తెరతో కోయండి. బిగించే ముందు రెండు వైపులా పలచగా గ్రీజు.

సిలిండర్ హెడ్‌కు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు ఈ పద్ధతి పనికిరాదు. కార్బొరేటర్ వెనక ఉండే మందపాటి ఇన్సులేటర్ దిమ్మ స్థానంలో కాగితం పెడితే పెట్రోలు ఉడికిపోతుంది.

నీళ్లు, సైలెన్సర్

రేడియేటర్ హోస్ చివర చిట్లితే ఆ అంగుళం కోసి, మిగిలినది లాగి క్లిప్పు బిగించండి. మధ్యలో చిట్లితే ఆరబెట్టి, తనకు తానే అంటుకునే సిలికాన్ టేపును సాగదీస్తూ చుట్టండి. రేడియేటర్ మూతను మొదటి మెట్టు వరకే తిప్పి వదిలితే లోపల ప్రెజర్ పెరగదు, టేపు నిలుస్తుంది. వేడెక్కుతుంటే హీటర్ పూర్తిగా తిప్పండి, వేసవి అయినా సరే. రేడియేటర్‌లో కోడిగుడ్డు తెల్లసొన, మిరియాల పొడి వేసే చిట్కా విన్నదే. లీకు ఆగవచ్చు, దాంతోపాటు హీటర్ గొట్టాలూ మూసుకుపోవచ్చు. నేనైతే వేయను. ఫ్యాన్ బెల్టుకు బదులు లేడీస్ స్టాకింగ్స్ కట్టే కథ కూడా అలాంటిదే. ఆ బెల్టే వాటర్ పంపును తిప్పాలి. కొత్త బెల్టు ఒకటి డిక్కీలో పడేయడం ఆ కథ కన్నా చవక.

సైలెన్సర్ పైపుకు రంధ్రం పడితే కూల్‌డ్రింక్ డబ్బా రేకు రెండు చుట్లు చుట్టి, ఎగ్జాస్ట్ పేస్ట్ రాసి, రెండు చివర్లా హోస్ క్లిప్పులు బిగించండి. టాప్ వేసి ఉంటే అద్దాలు దించి నడపండి. ఓపెన్ కార్ల వెనక గాలి సుడి తిరిగి పొగను లోపలికే లాగుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

తీరిగ్గా ఇంట్లో చేసుకునేవి

క్లచ్ సరిగ్గా విడవడం లేదని స్లేవ్ సిలిండర్, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కుడును ద్రవంతో క్లచ్‌కు చేర్చేవి) రెండూ మార్చి కూడా తల పట్టుకునేవాళ్లు చాలామంది. చూడాల్సింది పెడల్‌ను మాస్టర్ సిలిండర్‌కు కలిపే పిన్ను. అది 5/16 అంగుళం, అంటే 7.94 మి.మీ. ఏళ్ల తరబడి రాసుకుని పిన్ను సన్నబడుతుంది, పెడల్ రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది. పైన పోయిన రెండు మిల్లీమీటర్లు కింద క్లచ్ దగ్గర చాలా ఎక్కువ. పెడల్ విప్పి, రంధ్రాన్ని 10 మి.మీ.కు డ్రిల్ చేసి, లేత్ మీద ఇత్తడి బుష్ చేయించి కొట్టండి. కొత్త పిన్ను వేయండి. పెడల్ కొత్త బండిలా తగులుతుంది. పక్కనే బ్రేకు పెడల్‌కూ అలాంటి పిన్నే ఉంటుంది. దానికి అరుగుదల కనిపిస్తే కొత్త పిన్ను, మంచి పెడల్ కొనడమే.

డోర్ ప్యానెల్ అట్టలు తడికి ఉబ్బి వంగిపోతాయి. పాతదాన్నే ఫర్మాగా పెట్టి 3 మి.మీ. హార్డ్‌బోర్డు కోయండి. క్లిప్పుల రంధ్రాలు అచ్చంగా గుర్తు పెట్టండి. వినైల్ అంటించే ముందు అంచులకు, వెనక వైపుకు రెండు పూతలు వార్నిష్ వేయండి. తలుపు లోపలికి నీళ్లు రావడం ఈ బండ్ల సహజ గుణం కాబట్టి ప్యానెల్ వెనక పాలిథీన్ షీటు కూడా అంటించాలి. చాలామంది ఇదే వదిలేస్తారు.

నాబ్‌లు, వైరు క్లిప్పులు, వెంట్ మూతలు 3డీ ప్రింటర్‌లో చేసుకోవచ్చు. పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ వాడకండి. 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఎండలో డాష్‌బోర్డు అంత వేడి ఎక్కుతుంది. ఏఎస్‌ఏ అనే రకం మేలు.

ముట్టుకోకూడనివి

స్పిట్‌ఫైర్ ముందు చక్రాలు తిరిగే చోట కింద ట్రనియన్ అనే కంచు ముక్క ఉంటుంది. మన మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌లోనూ ఇదే ఏర్పాటు, స్పిట్‌ఫైర్ ఛాసిస్ హెరాల్డ్ నుంచి పుట్టిందే. దీనికి గ్రీజు కొట్టకూడదు. ఈపీ90 గేర్ ఆయిల్ పట్టించాలి. గ్రీజు గట్టిపడి, లోపల తుప్పు పట్టి, ఒకరోజు అందులో దిగే కడ్డీ విరిగి చక్రం పక్కకు ఒరుగుతుంది. దీనికి అతుకు లేదు.

బ్రేకు పైపులు రాగి-నికెల్ గొట్టంతో ఇంట్లో చేసుకునేవాళ్లు ఉన్నారు. 3/16 అంగుళం గొట్టం, పైపు అంచు విప్పార్చే మంచి ఫ్లేరింగ్ టూల్, పనికిరాని ముక్కల మీద బాగా సాధన, ఇవి ఉంటేనే. హోస్ క్లిప్పుతో, జాయింటుతో బ్రేకు పైపును అతికించడం అనే మాటే వద్దు.

పెట్రోలు హోస్‌కు తోట పైపు, వాక్యూమ్ పైపు వేయకండి. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఈ10 (10 శాతం దాకా ఇథనాల్ కలిసినది), మన దగ్గర ఈ20. ఇథనాల్ పాత రబ్బరును లోపలి నుంచి తినేస్తుంది. ఎస్ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉన్న హోస్ కొనండి.

బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండ్లకు 2018 మే నుంచి ఏటా జరిగే ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. అయినా రోడ్డు మీద అది సురక్షితంగా ఉండే బాధ్యత ఓనర్‌దే. నా మటుకు నేను ఏడాదికోసారి పరీక్ష చేయించడమే మంచిదంటాను.

డిక్కీ పెట్టె

కండెన్సర్, పాయింట్లు, రోటర్ ఆర్మ్, ఫ్యాన్ బెల్టు, సైకిల్ బ్రేకు తీగ, స్క్రూ కనెక్టర్లు, మూడు సైజుల హోస్ క్లిప్పులు, సిలికాన్ టేపు, ఫ్యూజులు, రెండు మీటర్ల వైరు, టెస్ట్ లాంపు, గరుకు కాగితం, ప్యాకింగ్ షీటు, ఒక సీసాలో డ్యాష్‌పాట్ నూనె, ఐదు లీటర్ల నీళ్లు, చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. అతుకు వేసిన ప్రతి చోటా ఎర్ర టేపు చుట్టి, తేదీ వేసి నోటుబుక్కులో రాసుకోండి. సైకిల్ తీగ మీద నడుస్తున్న సంగతి మరిచిపోయి వచ్చే వేసవిలో హైవే ఎక్కేవాళ్లకు ఆ ఎర్ర టేపే అడ్డం పడుతుంది.